కేతకి ఎడమ బొటనవేలు

దత్తాత్రేయులుగారు చదవని కాగితం మీద సంతకం పెట్టరు. ఏలూరు చుట్టుపక్కల సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో ముప్ఫై నాలుగేళ్ళు దస్తావేజుల నకళ్ళు రాసిన మనిషి. చదవకుండా సంతకాలు పెట్టేవాళ్ళని ఆయన చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు. గ్యాసు బండ తెచ్చినతను రసీదు చాపినా, కళ్ళజోడు కోసం లోపలికి వెళ్తారు. "ఈలోగా ఆ అబ్బాయి మన గుమ్మంలో ఆ బండ మీదే వంట చేసుకుని తినేసి వెళ్ళొచ్చు" అంటారు ఆయన భార్య సత్యవాణిగారు.

శనివారం పొద్దున్న కృష్ణప్రియ తెచ్చిన కాగితం మీద నాలుగు వాక్యాలే ఉన్నాయి. అయినా ఆయన కళ్ళజోడు కోసం లేచారు.

కృష్ణప్రియ తాడేపల్లిగూడెంలో డిగ్రీ కాలేజీ లెక్చరరు. ఐదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. పాత విషాదాంత నాటకాల్లో ఆడవాళ్ళు చేసే పనులకి, పైకి చెప్పే కారణం కాకుండా మనసు అడుగున ఏ కారణం ఉందో వెతకడం ఆమె చదువు. అంతకుముందు రెండుసార్లు ఫోన్లో మాట్లాడింది. మనిషి రావడం ఇదే మొదలు.

"సోమవారం ఇచ్చెయ్యాలండీ మాస్టారూ" అంది. "మీ అభినయం గురించి మీ మాటగా రాసిన ఈ కాగితం మీద మీ సంతకం ఒక్కటే తక్కువ. ఇది లేకపోతే నాలుగో అధ్యాయం తీసెయ్యమన్నారు మా గైడుగారు. అచ్చు పుస్తకంలో లేనిదాని మీద అధ్యాయమేమిటన్నారు. నాలుగోది పోతే మిగతావి ఉండీ లేనట్టేనండి. మొత్తం దాని మీదే నిలబడింది."

"ఈయన ఎవరికీ మాస్టారు కాదమ్మా" అన్నారు సత్యవాణిగారు గుమ్మంలో కత్తిపీట వేసుకుంటూ. ఆ పూట కందా బచ్చలి. "చదువు చెప్పలేదు, పాట చెప్పలేదు. చీర కట్టుకోవడం మాత్రం నాకే చెప్పారు, పెళ్ళైన కొత్తలో."

"కుచ్చిళ్ళు పొట్టిగా పెట్టేది" అన్నారు దత్తాత్రేయులుగారు కాగితం మీంచి తలెత్తకుండా.

ఆ మాట నిజమే. ఆయన ఇరవై రెండో ఏట మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్ళు 'దుర్గద్వారం' నాటకంలో కేతకి వేషం వేశారు. వాళ్ళది ఉద్యోగుల సమాజం. ఆడవాళ్ళని పెట్టుకునే స్తోమత మొదట్లో లేదు. తరవాత వచ్చినా, అప్పటికి ఈ ప్రాంతంలో కేతకి అంటే దత్తాత్రేయులే అయిపోయారు. మొహం కోల, మనిషి సన్నం, గొంతు పల్చన. పగలు ఆఫీసులో ఎర్ర సిరాతో మార్జిన్లు గీసుకునేవారు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆకివీడో, భీమడోలో, ఒక్కోసారి దోనె మీద కొల్లేటి లంకలకో వెళ్ళేవారు. ఆదివారం ఇంటికొచ్చేసరికి చెవుల వెనక పౌడరు మిగిలి ఉండేది.

కథ చిన్నదే. రాజుగారికి అల్లుడి మీద అనుమానం పుడుతుంది. శత్రువులు తరుముతూ ఉంటే ఆ అల్లుడు కోట దగ్గరికి పరుగెత్తుకొచ్చి తలుపు కొడతాడు. తాళంచెవి కేతకి చేతిలో ఉంది. తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. తియ్యమనడు, తియ్యొద్దనడు. మొగుడు బయటి నుంచి మూడు పద్యాల్లో మూడుసార్లు పిలుస్తాడు. ఆమె తియ్యదు. నాలుగో పిలుపు రాదు. తెల్లారాక తనే తలుపు తీసి, చూసి, అగడ్తలో దూకుతుంది. ఎందుకు తియ్యలేదో నాటకం చివరిదాకా ఎవరూ చెప్పరు. ఆ మూడు పద్యాల మధ్య అచ్చు పుస్తకంలో ఆమెకి ఉన్నది ఒక్క ముక్కే, అదీ బ్రాకెట్లలో: 'కేతకి నిలిచియుండును.'

"ఆ నిలబడడమేనండీ నా అధ్యాయం" అంది కృష్ణప్రియ. "పాత వీడియో ఒకటి దొరికింది కదా, తొంభై ఒకటిలో ఆకివీడులో తీసింది. అందులో రెండో పద్యం అయ్యాక మీరు చెయ్యి తుడుచుకుంటారు. తలుపింకా తియ్యలేదు, మొగుడింకా చావలేదు. ఆమె చేతికి ఏమీ అంటలేదు. అయినా తుడుచుకుంటుంది. జరగబోయే పాపం ముందే చేతికి అంటిందన్నమాట. పైకి తండ్రికి లోబడిన కూతురు. లోపల మొగుడు చావాలని కోరుకుంటోంది. ఆ కోరిక ఉందని ఆమెకే తెలీదు. మనసు దాచుకుంది, చెయ్యి దాచుకోలేకపోయింది."

దత్తాత్రేయులుగారు కాగితం ఒళ్ళో పెట్టుకున్నారు. ఇరవై నాలుగేళ్ళు మోసిన మనిషి గురించి తెలియని సంగతి వింటున్నట్టు ముందుకి వంగారు.

"మొగుడు చావాలనా?"

"తండ్రిని వదలలేనప్పుడండీ."

"ఆవిడ పైకి ఎక్కడా అలా అనదే."

"అనదండీ. అందుకే వెతకాల్సొచ్చింది."

"ఒకటి అడుగుతానమ్మా, తప్పుగా అనుకోకు. కేతకికి మనసెక్కడుంది? రాసినాయనకి ఉంది. వేసినవాడికి, అంటే నాకు, ఏదో కాస్త ఉంది. మధ్యలో ఆవిడకి విడిగా ఇంకోటి ఎలా వస్తుంది?"

కృష్ణప్రియ నవ్వింది. "చూసినవాళ్ళకి కూడా ఉంటుంది కదండీ. మా అమ్మమ్మ ఆకివీడులో మీ నాటకం చూసి నెల రోజులు ఆవిణ్ణి తిట్టిందట. కాగితం మీద ఉన్న మనిషిని ఎవరైనా తిడతారా?"

ఆయనకి ఆ జవాబు నచ్చింది. ఆ ముక్క లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు తల ఊపి, కాగితం మళ్ళీ తీశారు. చూపుడు వేలు అక్షరాల కింద పెట్టి చదివారు. రెండో వాక్యం దగ్గర వేలు ఆగింది. 'కేతకి చేయి తుడుచుకొనే అభినయం తొలి ప్రదర్శనల నుంచి సంప్రదాయంగా వస్తున్నది.'

"ఇది తప్పమ్మా" అన్నారు.

కృష్ణప్రియ చేతిలో పెన్ను మూత తీసి ఉంది.

"తొలి ప్రదర్శనల నుంచి కాదు. నాకు ముందు వేసినాయన తుడుచుకునేవారు కాదు. నేనే మొదలుపెట్టాను. ఎందుకు పెట్టానో కూడా చెప్తాను. చెప్తే నీకు బాధగా ఉంటుంది."

"చెప్పండి."

"తుప్పు."

సత్యవాణిగారు కత్తిపీట దగ్గర్నించి చిన్నగా నవ్వారు. ఆవిడకి ఆ కథ తెలుసు.

సమాజంలో అసలు ఇనప తాళంచెవి ఒకటుండేది, మూరెడు పొడవు. ఏదో పాత కోటలోంచి తెచ్చారని చెప్పుకునేవారు. కొల్లేటి తేమకి దానికి తుప్పు పట్టేది. వేషం చీరలు డ్రస్సులు అద్దెకిచ్చే పేతురుగారివి. పేతురుగారు కోప్పడే మనిషి కాదు. చీర తిరిగి ఇచ్చేటప్పుడు వెలుతురులోకి పట్టుకుని చూసి, మరక కనిపిస్తే, "దత్తుగారూ, నిమ్మకాయా ఉప్పూ వేసి రుద్దుతాను లెండి, పోతే పోతుంది" అని మెల్లిగా అనేవారు. అది తిట్టు కన్నా ఎక్కువగా తగిలేది. అందుకని రెండో పద్యం అయ్యాక, హార్మోనియం రాగం తీసేటప్పుడు, తుప్పు చెయ్యి చీర మీద పడకుండా పవిట చెంగు లోపలివైపు ఓసారి తుడుచుకునేవారు. లోపలి మరక పేతురుగారికి కనపడేది కాదు.

"మనసూ లేదు, పాపమూ లేదు" అన్నారు దత్తాత్రేయులుగారు. "పేతురుగారి చీర. అంతే."

కృష్ణప్రియ పెన్ను మూత పెట్టేసింది. కోపం రాలేదు. ఐదేళ్ళ పని ఒక నిమ్మకాయ దగ్గర ఆగిపోయినందుకు ఏం చెయ్యాలో తెలియక, వరండా గచ్చుకేసి చూస్తూ కూచుంది.

"మంచినీళ్ళు తాగమ్మా" అన్నారు సత్యవాణిగారు. "ఈయన ఇంతే. నిజం చెప్తారు గానీ ఎప్పుడు చెప్పాలో చూసుకోరు. ఫోన్లోనే చెప్తే ఆ పిల్లకి బస్సు ఛార్జీ మిగిలేది కదండీ."

"ఫోన్లో అడగలేదు కదా. కాగితంలో ఉంది కాబట్టి చూశాను." ఆయన కాగితం వైపే చూస్తున్నారు. నకలు రాసే మనిషికి ఒక వాక్యంలో తప్పు దొరికితే పక్క వాక్యం మీద కూడా నమ్మకం పోతుంది. "ఏ చెయ్యో రాయలేదు నువ్వు."

"ఏమిటండీ?"

"చెయ్యి అన్నావు. కుడో ఎడమో రాయలేదు. తాళంచెవి కుడి చేతిలో ఉంటుంది. కుడి చెయ్యి అని ఉండాలి."

కృష్ణప్రియ పెద్దగా ఆసక్తి లేకుండానే ఫోను తీసింది. ఆ వీడియోని పెళ్ళిళ్ళకి తీసే కుర్రాడెవరో తీశాడు. రంగులు పాలిపోయాయి, అడుగున వణుకుతున్న గీత. కోటగోడ తెర ముందు సన్నగా, పొడుగ్గా కేతకి. రెండో పద్యం ముగిసింది. హార్మోనియం ఒక్కటే వినపడుతోంది. కేతకి చెంగు ముందుకి లాక్కుంది.

"ఆపు" అన్నారు దత్తాత్రేయులుగారు.

ఆపింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి ఫోను దగ్గరగా పట్టుకున్నారు. తాళంచెవి కుడి చేతిలోనే ఉంది. తుడుచుకుంటున్నది ఎడమ చెయ్యి. చెయ్యి కూడా కాదు, వేళ్ళు నాలుగూ ముడిచి ఉన్నాయి. ఒక్క బొటనవేలే చెంగు లోపలివైపు ఆని ఉంది.

"మళ్ళీ వెయ్యి."

మూడుసార్లు చూశారు. మూడుసార్లూ ఎడమ బొటనవేలే. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి దొర్లించినట్టు తుడుస్తోంది.

"ఇది నేను కాదు" అన్నారు. వెంటనే, "నేనే. కానీ నేనిలా చెయ్యను. ఎందుకు చేశాను?" అన్నారు.

కృష్ణప్రియ నిటారుగా కూచుంది. "ఆ తాళంచెవి ఇనపదేనాండీ?"

ఆయన ఆలోచించారు. "కాదు. ఎనభై ఆరు వరదలకి మా సామాన్ల పెట్టె మునిగిపోయింది. ఆ తరవాత కర్రతో చేయించాం. వెండి కాగితం అంటించి."

"అంటే తొంభై ఒకటిలో తుప్పు లేదు."

"లేదు."

"అయినా తుడుచుకున్నారు."

"అలవాటేమో."

"అలవాటైతే కుడి చెయ్యే తుడుచుకోవాలి కదండీ."

ఆ ప్రశ్న ఆయనకి ఎంత నచ్చిందో మొహంలో కనపడింది. జవాబు తన దగ్గరే ఉండి తనకే దొరక్కపోవడం ఆయనకి కొత్త. లేచి, మేకుకి వేలాడుతున్న ఇంటి తాళంచెవి తీసుకుని, కుడి చేత్తో పట్టుకుని, వరండా తలుపు ముందు నిలబడ్డారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. భుజం మీద తువ్వాలు ముందుకి లాక్కోగానే నడుము కాస్త వంగింది, మెడ ఒకవైపుకి వాలింది. వీడియోలో ఉన్న కేతకి ఒక్క క్షణం కృష్ణప్రియకి అక్కడ కనపడింది.

"తలుపు కొడుతుంటే చెయ్యి తుడుచుకోవడంలో వింతేముందమ్మా" అన్నారు సత్యవాణిగారు. కంద దురదకి తన చెయ్యి తనే చీరకి రాసుకుంటున్నారు. "వంటింట్లో ఉన్న ఆడదేదైనా అంతే. పిండి చేత్తో గడియ ముట్టుకోదు. తుడుచుకుందంటే తలుపు తీద్దామనే. నీ పుస్తకంలో మొగుడు చావాలని రాశావు. నాకైతే పాపం, తీద్దామని చెయ్యి తుడుచుకునేలోపు పద్యం అయిపోయిందనిపించేది."

కృష్ణప్రియ ఆ మాట గబగబా రాసుకుంది. "మీరిది ఎప్పుడూ మాస్టారితో అన్లేదాండీ?"

"అడిగితే కదా. ఇంటికొచ్చాక కాళ్ళు నొప్పులనేవారు." సత్యవాణిగారు తలుపు ముందున్న ఆయన్ని చూసి ఆగారు. "కానీ వంటింట్లోవాళ్ళు ఒక్క వేలు తుడుచుకోరు. అలా బొటనవేలు ఒక్కటీ తుడుచుకోవడం మీ ఆఫీసులోనేగా. ఈ ఇల్లు రిజిస్ట్రీ అయినప్పుడు నేనూ అలాగే తుడుచుకున్నాను."

దత్తాత్రేయులుగారి చెయ్యి తువ్వాలు మీద ఆగింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం వచ్చినా రాకపోయినా ప్రతివాళ్ళూ పుస్తకంలో ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యాలి. అటెండరు వేలు పట్టుకుని సిరా పలక మీద అద్ది, కాగితం మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకి దొర్లిస్తాడు. తుడుచుకోడానికి గుడ్డ ఉండాలి, ఎప్పుడూ ఉండదు. మగవాళ్ళు గోడకి రాస్తారు. ఆ గోడ ఎప్పుడు సున్నం వేసినా నెలకి మళ్ళీ నల్లబడేది. ఆడవాళ్ళు జుట్టుకి రాసుకునేవారు, లేకపోతే పవిట చెంగు లోపలివైపు, మరక కనపడకుండా.

ఆయన వచ్చి కుర్చీలో కూచున్నారు.

"ఎనభై ఐదులో ఆడపిల్లలకి వాటా అని చట్టం వచ్చింది" అన్నారు. కృష్ణప్రియతో అంటున్నారో తనతో అంటున్నారో తెలియలేదు. "ఆ తరవాత రెండు మూడేళ్ళు మా ఆఫీసుకి హక్కు విడుదల దస్తావేజులు కట్టలు కట్టలుగా వచ్చేవి. నాకు వాటా అక్కర్లేదని కూతురు రాసిచ్చే కాగితం. పెళ్ళికి ముందో, పెళ్ళైన ఏడాదికో తండ్రులు తీసుకొచ్చేవారు. ఆ పిల్లలు బల్ల ముందు నిలబడేవారు. ఏమీ అనేవారు కాదు. నాన్న పక్కన ఉండేవాడు. ఆయనా ఏమీ అనేవాడు కాదు. వేలు వేసి, తుడుచుకుని, వెళ్ళిపోయేవారు. ఎంతమందిని చూశానో."

"వాళ్ళ దగ్గర్నించి వచ్చిందన్నమాట" అంది కృష్ణప్రియ నెమ్మదిగా. "మీకు తెలీకుండా."

"వాళ్ళ దగ్గర్నించేనా?" అన్నారు సత్యవాణిగారు. ఆవిడ గొంతులో ఇందాకటి హాస్యం లేదు.

దత్తాత్రేయులుగారు ఎడమ బొటనవేలు కుడి చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

"మా చెల్లెలు విజయకుమారి" అన్నారు చివరికి. "ఎనభై ఏడు ఎండాకాలం. పెళ్ళికి వారం ఉంది. గుండుగొలను పొలం విషయంలో నాన్న ఆఫీసుకి తీసుకొచ్చారు. అది బీఏ చదివింది. కాగితం తీసుకుని చదవబోయింది. 'అన్నయ్య చూశాడు కదమ్మా, చదవక్కర్లేదు' అన్నారు నాన్న. అది నావైపు చూసింది." పట్టుకున్న వేలు వదిలేశారు. "నేను చదువుకోనీ అనలేదు. వద్దనీ అనలేదు. అటెండరు టీకి వెళ్ళాడు. దాని వేలు నేనే పట్టుకుని అద్దాను. తుడుచుకోడానికేమైనా ఉందా అన్నయ్యా అంది. వెతికాను, ఏమీ లేదు. చెంగుకి తుడుచుకుంది."

సత్యవాణిగారు కత్తిపీట మడిచి గోడకి చేర్చారు. "అది నాకూ చెప్పలేదు" అన్నారు. "మామయ్యగారు చేయించారనుకున్నాను ఇన్నాళ్ళూ."

కృష్ణప్రియ రాయడం ఎప్పుడో మానేసింది. "ఇది నేను రాయనండీ" అంది. "మీ ఇంటి విషయం. నాలుగో అధ్యాయం తీసేస్తాను. పర్వాలేదు."

"పర్వాలేదని నువ్వంటున్నావు. నీ మొహం అలా లేదు." ఆయన ఫోను అందుకున్నారు. "అయినా నాకో సందేహం. దాన్నే అడుగుతాను. నా జ్ఞాపకం మీద నేను సంతకం పెట్టలేను."

విజయకుమారిగారు చింతలపూడిలో ఉంటారు. ఫోను ఎత్తేసరికి వెనక ట్రాక్టరు చప్పుడు వినిపించింది. దత్తాత్రేయులుగారికి చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టే మాట్లాడతారు.

"ఏం అన్నయ్యా, ఈవేళప్పుడు? పామాయిల్ గెలలు కోయిస్తున్నాను. వదిన బావుందా?"

"బావుంది. నిన్నొకటి అడగాలి. నీ పెళ్ళికి ముందు మా ఆఫీసులో వేలిముద్ర వేశావు కదా."

ట్రాక్టరు చప్పుడు దూరమైంది. ఆవిడ పక్కకి నడిచినట్టుంది.

"వేశాను."

"వేశాక వేలు ఎక్కడ తుడుచుకున్నావు?"

"ముప్ఫై ఏడేళ్ళ తరవాత ఫోన్ చేసి వేలు ఎక్కడ తుడుచుకున్నావని అడుగుతున్నావు. పొలం సంగతేమో అనుకున్నాను."

"చెప్పవే."

"నాకెందుకు గుర్తుంటుంది అన్నయ్యా? చూసింది నువ్వు. నీకే బాగా గుర్తుంది. మా ఊళ్ళో స్కూలు గ్రౌండులో నాటకం వేసినప్పుడు చేశావు కదా."

దత్తాత్రేయులుగారు సత్యవాణిగారి వైపు చూశారు. "అప్పుడు నువ్వు ముందు వరసలో కూచున్నావు. అయిపోగానే ఏమీ అనకుండా వెళ్ళిపోయావు. బాలేదేమో అనుకున్నాను."

"బావుంది. అందరూ ఆవిడ మొహం చూస్తున్నారు. నేను వేలు చూశాను. ఎక్కడో చూశానే అనుకున్నాను. ఇంటికెళ్ళి అన్నానికి చెయ్యి కడుక్కుంటుంటే తెలిసింది."

"అప్పుడే అనొచ్చు కదే."

"ఏమనను? నువ్వు కావాలనే చేశావనుకున్నాను. మొహం మీద చెప్పలేక అక్కడ చెప్తున్నావనుకున్నాను. అందుకే ఊరుకున్నాను. పొలం మాట మళ్ళీ ఎత్తలేదు కూడా, గమనించావో లేదో."

"కావాలని చెయ్యలేదు విజయా. ఇవాళ్టి దాకా నాకు తెలీదు."

"తెలీకుండా చేశావా?"

"అవును."

అవతల ఎవరో "అమ్మగారూ" అని పిలిచారు. "వస్తున్నా ఉండు" అన్నారు ఆవిడ. తరవాత, "ఇన్నేళ్ళూ క్షమాపణ అడిగావనుకున్నాను. ఇప్పుడు అడగలేదంటున్నావు. ఏది నయమో నాకు తెలియట్లేదు అన్నయ్యా" అన్నారు.

కృష్ణప్రియ ఫోను వైపు వంగి, తనెవరో, ఏం రాస్తోందో నాలుగు మాటల్లో చెప్పింది. "కేతకి తలుపు ఎందుకు తియ్యలేదంటారండీ?" అని అడిగింది. అడగాలనుకోలేదు, నోటి నుంచి వచ్చేసింది.

"తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది వాళ్ళ నాన్నే కదమ్మా" అన్నారు విజయకుమారిగారు. "పెట్టి పక్కన నిలబడ్డాడు. అలా పక్కన నిలబడితే ఎవరు తీస్తారు?"

కృష్ణప్రియ ఆ వాక్యం పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

దత్తాత్రేయులుగారు బల్ల సొరుగులోంచి పెన్ను తీశారు. కాగితం మోకాలి మీద అట్ట మీద పెట్టుకుని, 'తొలి ప్రదర్శనల నుంచి సంప్రదాయంగా వస్తున్నది' అన్న మాటల మీద ఒకే ఒక సన్నటి గీత గీశారు, కింద అక్షరాలు చదవడానికి వీలుగా. ఆఫీసులో అలాగే కొట్టాలి. పక్కన పొడి సంతకం పెట్టారు. 'పాత్ర మనఃస్థితిని తెలుపుటకు ఉద్దేశించినది' అన్నది కూడా కొట్టారు. 'చేయి' కొట్టి పైన 'ఎడమ బొటనవేలు' అని రాశారు. తరవాత కింద ఉన్న ఖాళీలో, ముప్ఫై నాలుగేళ్ళు రాసిన ఆ గుండ్రటి అక్షరాలతో, నిదానంగా కొన్ని వాక్యాలు చేర్చి, పైకి చదివారు.

"ఈ అభినయం మా చెల్లెలు విజయకుమారిది. పందొమ్మిది వందల ఎనభై ఏడులో తన హక్కు విడుదల దస్తావేజుకు వేలిముద్ర వేసినప్పుడు ఆమె చేసినది. ఆ దస్తావేజును ఆమె చదవలేదు. చదవనివ్వవలసినవాణ్ణి నేను. ఆమె నుంచి అది నాకు తెలియకుండానే కేతకికి వచ్చినది."

"మళ్ళీ చదువు" అన్నారు ఫోన్లో విజయకుమారిగారు.

మళ్ళీ చదివారు.

"సరే" అన్నారు ఆవిడ.

అడుగున ఆయన 'కొట్టివేతలు మూడు, చేర్పులు రెండు' అని లెక్క రాసి, సంతకం పెట్టారు. కాగితం కృష్ణప్రియకి ఇవ్వబోయి, మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు.

"మీ గైడుగారు ఒప్పుకుంటారా?"

"తెలీదండీ. నేను రాసింది మాత్రం ఇక చెల్లదు. మనసులో ఏదో దాచుకుందన్నది తప్పు కాదు, ఎవరి మనసన్నదే తప్పు. అధ్యాయం మొత్తం తిరగరాయాలి." గోడ గడియారం చూసింది. "ఇవాళ మధ్యాహ్నం నుంచి ఎల్లుండి పొద్దుటి దాకా ఉంది."

"భోజనం చేసి మొదలుపెట్టు" అన్నారు సత్యవాణిగారు.

"కానీ ఇది నా మాట ఒక్కటే అవుతుంది" అన్నారు దత్తాత్రేయులుగారు. "ఇంకొకళ్ళ గురించి రాసిన కాగితం. వాళ్ళ సంతకం లేకపోతే నేనైతే రిజిస్ట్రీకి తీసుకోను. విజయా, నీ తరఫున కింద నీ పేరు రాసెయ్యనా? విన్నావు కదా."

"వద్దు" అన్నారు విజయకుమారిగారు. "విన్నాను గానీ చూడలేదు. కాగితం ఇక్కడికి తీసుకురండి. ఆ వేళ చదవకుండా పెట్టాను. ఇది చదివి పెడతాను."

దత్తాత్రేయులుగారు కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు. చింతలపూడి బస్సు ఎన్ని గంటలకో కృష్ణప్రియ ఫోన్లో చూస్తోంది. సత్యవాణిగారు లోపలికి వెళ్తూ, మూడు కంచాలు పెడుతున్నానని, కంద ఇంకా ఉడకలేదని, ఒంటిగంట బస్సు అయితే అందదని, రెండున్నరది చూసుకోమని చెప్పారు.